బంతికీ బంతికీ మధ్య

మా దేవదానం మామయ్య బేస్‌బాల్ చూడటం మానేశాడని సునీత ఫోన్ చేసి చెప్పినప్పుడు, అన్నం మానేశాడని చెబితే ఎంత కంగారు పడేదాన్నో అంతే కంగారు పడ్డాను. సునీత మామయ్య కూతురు, నాకు మరదలు, టొరంటో పక్కన మార్కమ్‌లో ఉంటుంది. మా అత్తయ్య పోయిన దగ్గర్నుంచి మామయ్య ఆమె దగ్గరే ఉంటున్నాడు. "డాడీ ప్రొటెస్ట్ చేస్తున్నారు వదినా. ఆ పిచ్ క్లాక్ పెట్టినప్పట్నుంచీ కంప్లైంట్సే. ఈ సమ్మర్ అయితే టీవీ ఆన్ చేస్తే లేచి వెళ్ళిపోతున్నారు. నువ్వు రా. నువ్వుంటే కూర్చుంటారు, ఐ నో," అంది. సునీత మాంట్రియల్‌లో పుట్టిన పిల్ల. తను తెలుగులో బయల్దేరి ఇంగ్లీషులో తేలుతుంది. నేను ఇంగ్లీషులో బయల్దేరి తెలుగులో మునుగుతాను. మధ్యలో ఎక్కడో ఇద్దరం చేతులు పట్టుకుంటాం.

విన్నిపెగ్‌లో పెట్టె సర్దుకుంటూ నాకు నేను ఒప్పుకున్నాను, నా బెంగ ఆట గురించి కాదని. మామయ్య మా అమ్మకి తమ్ముడు. అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో ఎరిగిన మనిషి ఈ భూమ్మీద ఇక ఆయనొక్కడే. ఆ సంగతులు ఆయన చెప్పేది బేస్‌బాల్ ఆట నడుస్తున్నప్పుడే, అదీ బంతికీ బంతికీ మధ్య. మామూలు రోజున ఎదురుగా కూర్చుని, కాఫీ ఇచ్చి అడిగి చూడండి, "ఏముందే చెప్పడానికి" అని కప్పులోకి చూస్తాడు. ఆట మానేశాడంటే మాట మానేసినట్టే.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. క్రికెట్‌లో బౌలరు పరుగెత్తుకొచ్చి వేస్తాడు. బేస్‌బాల్‌లో పిచర్ చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, ఉన్నచోటి నుంచే విసురుతాడు. విసిరే ముందు అతను ఎంతసేపు నిలబడాలో పూర్వం అడిగేవాడు లేడు. టోపీ సర్దుకునేవాడు, బంతిని అరచేతుల్లో పెట్టి గారెల పిండిలా నలిపేవాడు, ఆకాశం చూసేవాడు. ఇప్పుడు మైదానంలో గడియారం పెట్టారు. పదిహేను సెకన్లు, బేస్ మీద, అంటే పరుగు దారిలోని మజిలీ మీద, ప్రత్యర్థి ఎవరైనా నిలబడి ఉంటే ఇంకో మూడు. ఆలోగా వెయ్యకపోతే శిక్ష. బ్యాట్ పట్టుకున్నవాడు తాత్సారం చేస్తే అతనికీ శిక్ష. దీన్నే పిచ్ క్లాక్ అంటారు. మామయ్య పిచ్చి క్లాకు అంటాడు. అభిమానులు రెండు చీలికలైపోయారు. నేనూ ఊరుకోలేదు. ఒక క్రీడా వెబ్‌సైటులో మారుపేరుతో, ఈ గడియారం ఆటకి ఊపిరాడనివ్వడం లేదని పెద్ద వ్యాసమే కామెంటుగా రాశాను. దానికి రెండు లైకులు వచ్చాయి. ఒకటి నాది. రెండోది వేలు జారి నొక్కానని ఎవరో కింద రాశారు.

మాంట్రియల్‌లో మామయ్య వాళ్ళింటికి నేను వచ్చేనాటికి నాకు ఇరవై నిండలేదు. అమ్మ పోయాక మామయ్యే కాగితాలు పెట్టి రప్పించాడు. మేడమీద వాటా. ముందు వైపు మెలికలు తిరిగిన ఇనప మెట్లు, వెనక వైపు చెక్క బాల్కనీ. ఆ ఊళ్ళో దాన్ని గ్యాలరీ అంటారు. ఎదురింటి గ్యాలరీలకీ మాకూ మధ్య సందులో కప్పీల మీద బట్టల తీగలు సాగి ఉండేవి. ఎవరింట్లో ఎవరు కొత్త చొక్కా కొన్నారో ఊరందరికీ తెలిసేది. మామయ్య ఆస్పత్రిలో ఎక్స్‌రే యంత్రాలు బాగుచేసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం చేసి, తెల్ల లుంగీ కట్టి, మెడకి పౌడరు అద్దుకుని, ట్రాన్సిస్టర్ పట్టుకుని గ్యాలరీలోకి వెళ్ళేవాడు. దాని ఏరియల్ విరిగిపోతే బట్టల హ్యాంగరు తీగ వంచి పెట్టాడు. వంటింట్లోంచి అత్తయ్య ఎండు రొయ్యలు వేయించే వాసన, పక్క వీధి బేకరీలోంచి రొట్టె వాసన, ఎండకి కాగిన పైకప్పుల తారు వాసన, మామయ్య పౌడరు, ఈ నాలుగూ కలిస్తే నా వరకూ అది కెనడా. కిందింటి ఇంటావిడ మాత్రం రొయ్యల వాసనకి కిటికీ ధడేల్మని మూసేది. అత్తయ్య ఆ చప్పుడు విని, "ఆవిడకి కూర ఉడికినట్టు తెలిసింది, ఇక దించొచ్చు," అనేది.

అత్తయ్య మామయ్యని దేవదానం గారు అనేది కాదు, నిదానం గారు అనేది. ఆ ఇంట్లో తొందర అనే మాట చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండాలి. ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. అప్పటికి రేడియోలో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట మూడో నాలుగో ఇన్నింగ్స్‌లో ఉండేది. మామయ్య చర్చి సంఘంలో పెద్ద, ప్రార్థన ఎగ్గొట్టే మనిషి కాదు. అభిమాని కూడాను, రేడియో కట్టేసే మనిషీ కాదు. అందుకని శబ్దం తగ్గించి, ప్రకటనలు వచ్చేదాకా ఆగి, ఆ విరామంలో ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఆయన ప్రార్థనలో బాపట్ల చుట్టుపక్కల జబ్బుపడ్డ బంధువులందరూ వరసలో రావాలి. సగం మంది అయ్యేసరికి ఆట మళ్ళీ మొదలయ్యేది. మామయ్య కళ్ళు మూసుకునే ఉండేవాడు గాని, మా వాళ్ళెవరైనా బంతిని గట్టిగా బాదారని కామెంటేటరు కేక వినపడితే మిగతా బంధువులందరూ ఒకే వాక్యంలో స్వస్థత పొందేవారు.

నేను మొదటిసారి మైదానానికి వెళ్ళింది సంఘం వాళ్ళతోనే. పులిహోర పొట్లాలు, వేయించిన కోడి ముక్కలు, మెట్రో రైల్లో మా వాసనకి అటు జరిగిన జనం. నాకు ఆట అక్షరం ముక్క తెలియదు. బేస్ మీద ఎదుటి జట్టువాడు ఉన్నప్పుడు మా పిచర్ రెండు చేతులూ గుండెల దగ్గర కలిపి, గడ్డం కిందికి దించి, కదలకుండా నిలబడ్డాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను. ఇన్ని వేలమంది ముందు ఎంత భక్తి అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. నేనూ తల వంచి కళ్ళు మూసుకున్నాను. చుట్టూ గోల లేచేసరికి కళ్ళు తెరిస్తే బంతి ఎక్కడో ఉంది, జనం లేచి నిలబడి ఉన్నారు. పక్కనున్న మామయ్య అంతా చూశాడు, ఏమీ అనలేదు. ఆ వేసవంతా నేను వెళ్ళినప్పుడల్లా ఆ పిచర్‌తో పాటు ప్రార్థిస్తూనే ఉన్నాను. చివరికి అత్తయ్య నవ్వాపుకోలేక, అది బంతి వేసే ముందు కుదురుకునే పద్ధతే గాని ప్రార్థన కాదని చెప్పింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం మామయ్యా?" అని తగువేసుకుంటే, "చేసుకోనీలే అనుకున్నాను. మనవాళ్ళు ఆడే తీరుకి ఎవరో ఒకరు చెయ్యాలిగా," అన్నాడు.

అమ్మ గురించి చెప్పడం మాత్రం గ్యాలరీలోనే. నేను ఎరిగిన అమ్మ బడిలో హెడ్‌మిస్ట్రెస్, ఇంట్లో అంతకన్నా హెడ్‌మిస్ట్రెస్. గంజి పెట్టిన చీర, చేతికి సుద్దముక్క వాసన, నవ్వు పరీక్షా ఫలితాల్లా ఏడాదికోసారి. ఆమెకి బాల్యం ఉండి ఉంటుందని నాకు తోచనే లేదు. రేడియోలో పిచర్ నిలబడిపోయేవాడు. కామెంటేటర్లు కూడా నోరు మూసుకునేవారు. తేనెపట్టుకి చెవి ఆనించినట్టు జనం రొద ఒక్కటే వినపడేది. ఆ రొదలోంచి మామయ్య గొంతు వచ్చేది.

"మా అక్కకి పాస్టరు గారి సైకిలంటే ప్రాణం."

బంతి. స్ట్రైక్, బ్యాట్‌కి తగల్లేదు. మళ్ళీ రొద.

"ఆయన ప్రసంగం మొదలెట్టాడంటే గంటన్నర. అక్క వెనక బల్లమీంచి మెల్లిగా జారుకునేది. సీటందేది కాదు, చట్రం సందులోంచి కాలు దూర్చి తొక్కేది. కాలవగట్టు చివరిదాకా వెళ్ళి, ఆఖరి పాట టైముకి మళ్ళీ బల్లమీద ఉండేది."

బంతి. పక్కకి పోయింది. పిచర్ దిబ్బ దిగాడట, చొక్కాకి చెయ్యి తుడుచుకుంటున్నాడట.

"ఒకసారి గుంటూరు నుంచి వేరే ఆయనొచ్చాడు. ఇరవై నిమిషాల్లో ముగించేశాడు."

"అయ్యో! తర్వాత?"

తర్వాత ఏమైందో తెలియడానికి నాకు ఒక పూర్తి ఇన్నింగ్స్ పట్టింది. పాస్టరు గారు బయటికొచ్చి సైకిలు లేదని చూస్తుండగా, గట్టుమీద అదే సైకిలు మా అమ్మని మోసుకుంటూ తాపీగా వస్తోందట. మామయ్య మాట తెగిన చోటే మళ్ళీ అందుకునేవాడు, కుట్టుమిషను సూదిలా, ఒక్క కుట్టూ తప్పేది కాదు. అలా వేసవి తర్వాత వేసవి, నాకు అమ్మ వాయిదాల మీద దొరికింది. ఆ హెడ్‌మిస్ట్రెస్ లోపల ఓణీ దోపుకుని సైకిలు తొక్కే పిల్ల ఒకతి ఉందని తెలిశాకే నేను ఆమె కోసం నిజంగా ఏడ్చాను. ఆ ఏడుపుకి కూడా ఆ ఇంట్లో ఎవరూ టైము పెట్టలేదు. అత్తయ్య నా ఒళ్ళో చిక్కుడుకాయలు పోసి, "ఏడుస్తూ ఈనెలు తియ్యి, చేతులు ఖాళీగా ఉంటే దుఃఖం ఎక్కువవుద్ది," అంది.

మార్కమ్‌లో ఈసారి నేను దిగిన రోజున భోజనాల బల్ల దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. సునీత ఇంటి బేస్‌మెంటులో హారిక అనే అమ్మాయి అద్దెకుంటోంది. కరీంనగర్ పిల్ల. ఇక్కడ చదువు అయిపోయింది, పీఆర్ కోసం, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కోసం చూస్తోంది. సాయంత్రాలు టొరంటో స్టేడియంలో తినుబండారాల కౌంటర్ దగ్గర పని. ఆ పిల్ల గడియారం పార్టీ.

"మంచిగనే అయింది గద తాతయ్యా. ఆట జల్ది అయిపోతె నాకు బస్సు దొరుకుతది. మా పాత స్టాఫ్ చెప్తరు, ఇదివరకు ఏడో ఇన్నింగ్స్‌కే సగం మంది లేచి పోయేటోళ్ళట. ఇప్పుడు చివరిదాక కూసుంటున్నరు."

"వాళ్ళు చివరిదాకా కూర్చోడం కాదమ్మాయ్, చివరే వాళ్ళ దగ్గరికొచ్చేసింది," అన్నాడు మామయ్య.

"నా పిల్లలు ఫస్ట్ టైమ్ లాస్ట్ ఇన్నింగ్స్ చూశారు డాడీ. ఇదివరకు స్లీపింగ్," అంది సునీత.

"నువ్వు కూడా నా భుజం మీద నిద్రపోయేదానివి. ఏం, చెడిపోయావా?"

హారిక పప్పు కలుపుకుంటూ, "ఆలస్యం అమృతం విషం అంటరు తాతయ్యా," అంది.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. ఆ చెప్పినాయన తాపీగా చెప్పాడు, నువ్వు ఈలోపు బస్సెక్కేశావు."

నేను మామయ్య పక్షాన కలగజేసుకుని, బేస్ మీదున్న వాణ్ణి బెదిరించడానికి పిచర్ అటువైపు బంతి విసిరే ముచ్చట కూడా రెండుసార్లకే పరిమితం చేశారనీ, మూడోసారి విసిరి అవుట్ చెయ్యలేకపోతే ఎదురు నష్టమనీ, ఇది అన్యాయమనీ ఉపన్యసించాను. ఎవరూ వినలేదు. మామయ్య అప్పటికే ఇంకో నేరం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆట సమమై అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్తే, తొందరగా తేలాలని ఇప్పుడు ఒకణ్ణి ఏ కష్టమూ లేకుండా రెండో బేస్ మీద నిలబెట్టి మొదలుపెడుతున్నారు. "మొదటి బేస్ మొహం చూడకుండా రెండోది! ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ!" అన్నాడు, వలసదార్లని త్వరగా తీసుకునే కెనడా పథకం పేరు పెట్టి.

హారిక చెయ్యి ఆగిపోయింది. "నన్ను గూడ ఎవలన్న అట్ల నిలబెడితే బాగుండు తాతయ్యా. దరఖాస్తు పెట్టి ఎన్ని రోజులైందో. వాళ్ళకు ఏ క్లాకూ లేదు." మామయ్య ఆ పిల్ల కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాడు. గడియారం మీద యుద్ధం ఆ పూటకి అక్కడ విరమించారు.

మర్నాడు మధ్యాహ్నం ఆట ఉంది. "విన్నిపెగ్ నుంచి వచ్చింది నీ గదిలో గోడలు చూడ్డానికా?" అని పోట్లాడి మామయ్యని టీవీ ముందు కూర్చోబెట్టాను. హారికకి సెలవు, తనూ వచ్చి రిమోట్ పట్టుకుని కూర్చుంది. తెర మూలన అంకెలు తగ్గుతున్నాయి. కాసేపు మామయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూశాడు. పిచర్ నిలబడ్డాడు. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా అక్క ఉందే... బస్సు ముందు నిలబడి..."

బంతి వచ్చేసింది. స్ట్రైక్.

"బస్సు ముందు..."

మళ్ళీ బంతి. జనం అరిచారు. మామయ్య నా వైపు తిరిగాడు. "ఏం చెబుతున్నాను?"

"అమ్మ బస్సు ముందు నిలబడింది."

"ఆఁ. నిలబడి..."

ఇంకో బంతి. నిజానికి ఆ కథ నాకు తెలుసు, మాంట్రియల్ గ్యాలరీలో ఎప్పుడో విన్నాను. కాని తెలిసిన కథ వెనకాలే తెలియనిది ఏదైనా బయటికి రావచ్చని ఆశ. నా మొహం చూసి జాలేసిందో ఏమో, హారిక రిమోట్ నొక్కింది. తెర మీద పిచర్ ఒంటికాలి మీద కొంగలా నిలిచిపోయాడు. అంకె కూడా నిలిచిపోయింది. "ఇప్పుడు చెప్పుండ్రి తాతయ్యా. ఎంతసేపైన చెప్పుండ్రి."

మామయ్య ఆ కొంగ వైపు చూశాడు. "ఆగడం వేరమ్మా, ఆపడం వేరు. వాడంతట వాడు ఆగితే నాకు మాటొస్తుంది. నువ్వాపితే ఎట్లా వస్తుంది?" అని లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

సాయంత్రం సునీతే చెప్పింది, ఇంటి దగ్గర పార్కులో పెద్దవాళ్ళు సరదాకి ఆడుతుంటారని. మడత కుర్చీలు కారులో వేసుకుని మామయ్యనీ నన్నూ అక్కడ దింపింది. పచ్చిక కోసిన వాసన, ఎండ చల్లబడి పొడుగ్గా పడుకుని ఉంది. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, కొందరికి కార్డులు ఇంకా మెడలో వేలాడుతున్నాయి. రకరకాల దేశాల వాళ్ళు, ఒకే రకం పొట్టలు. గడియారం లేదు. పిచర్ ఒక లావుపాటి మనిషి. ఒక బంతి వేసి, ఫోన్ చూసుకుని, భార్యతో మాట్లాడి, ఇంకో బంతి వేశాడు. బంతి పొదల్లో పడితే రెండు జట్లూ కలిసి వెతికాయి. మామయ్య మొహం విప్పారింది. "ఇదే, ఆటంటే ఇదే," అని కుర్చీలో వెనక్కి వాలాడు.

మా రోజులే మంచివనే మాట నా వయసువాళ్ళు ఎవరన్నా నేను నవ్వుతాను. ఆ మాంట్రియల్ చలికాలాల్లో మడమలు పగిలి నెత్తురొచ్చేది, మా జట్టు ఎప్పుడూ ఓడిపోయేది, చివరికి ఊరే వదిలి వెళ్ళిపోయింది. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. ఆ సందులు కావాలి నాకు. పని అయిపోయాక దొరికే తీరిక మాట కాదు నేను చెబుతున్నది. ఒక పని నడుస్తూ నడుస్తూ ఉండగా మధ్యలో తెరుచుకునే సందు. అందులో ఎవరూ ఎవరినీ చూడక్కర్లేదు, అందరూ బంతి వైపే చూస్తున్నారు కాబట్టి నోరు విప్పడానికి సిగ్గుండదు. మా మామయ్యలాంటి మనిషికి వేరే తలుపు లేదు. ఇప్పుడు ఆట రెండున్నర గంటల్లో అయిపోతుంది. మిగిలిన సమయం ఎవరి ఫోన్‌లోకి వాళ్ళం పట్టుకుపోతాం, నేను ముందుగా. ఇదంతా అనుకుంటూ, ఇక్కడ గడియారం లేదుగా, ఇక వస్తుంది, ఇక మామయ్య చెబుతాడు అని కాచుకుని ఉన్నాను.

లావుపాటి పిచర్ బూటు లేసు ఊడింది. మోకాలు వంచి కూర్చున్నాడు, లేసు ముడి పడింది కాబోలు, తల దించి దాంతో కుస్తీ పడుతున్నాడు. మైదానమంతా నిశ్శబ్దం.

"మా అక్క బస్సు ముందు నిలబడి..." అన్నాడు మామయ్య.

లేసు ఇంకా విడలేదు. బ్యాట్ పట్టుకున్నాయన బ్యాట్ నేలకి ఆనించి చేరగిలబడ్డాడు. ఎవరికీ తొందర లేదు. ప్రపంచంలో ఉన్న సమయమంతా మామయ్య ముందు పరిచి ఉంది. ఆయన పెదవులు రెండుసార్లు విచ్చుకుని మూసుకున్నాయి.

"నేరమంతా ఆ గడియారం మీద తోశాను కరుణా," అన్నాడు చివరికి. "అక్క నిలబడ్డం కనపడుతోంది. నీలం ఓణీ. దుమ్ము. ఆ తర్వాత ఏమీ లేదు, తలుపేసినట్టుంది. టీవీ ముందు కూర్చుంటే అదే భయం. మాట తెగితే మళ్ళీ దొరకదని."

ఆయన్ని ఇంకా ఏమేమి అడగాలో విమానంలో వరసగా అనుకుంటూ వచ్చాను. అవన్నీ ఎటో పోయాయి. అమ్మ సంగతులు చెప్పగలిగేవాళ్ళం ఇద్దరం కామని, ఇక నేనొక్కదాన్నేనని ఆ కుర్చీలో కూర్చుని తెలిసింది. మామయ్య మొహం మైదానం వైపు లేదు. నా వైపే ఉంది.

"ఆరోజు నిన్ను హాస్టల్‌కి పంపాలి మామయ్యా," అన్నాను. "నువ్వు పశువుల పాక వెనక దాక్కున్నావు. తాతయ్య బెత్తం పట్టుకుని ఊరంతా వెతుకుతున్నాడు. ఈలోపు బస్సు వచ్చేసింది. అమ్మ నిన్ను వెతకడానికి రాలేదు. నేరుగా వెళ్ళి బస్సుకి అడ్డంగా నిలబడింది."

"అంత మనిషా మా అక్క!"

"అంత మనిషే. చేతులు కట్టుకుని మరీ నిలబడింది."

"డ్రైవరు తిట్టలేదూ?"

"తిట్టకుండా ఉంటాడా? హారన్ కొట్టాడు, కిందికి దిగాడు. లోపల జనం కేకలేశారు. 'మా తమ్ముడు ఏడుస్తున్నాడు, ఏడవడం అయ్యాక వస్తాడు' అంది."

మామయ్య నవ్వాడు. భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా. అవతల లేసు ముడి వీడింది. పిచర్ లేచి బంతి వేశాడు, ఎవరో గట్టిగా కొట్టారు, అందరూ అరిచారు. మామయ్య అటు చూడలేదు.

"బస్సు వెళ్ళిపోలేదా?"

"లేదు."

"మరి నేను ఎక్కానా?"

"ఎక్కావు మామయ్యా. ఏడవడం అయ్యాక."